ఉదయం, సాయంత్రం మాత్రమే వచ్చే దుర్వాసన: మూలం దొరకడం లేదు

మూడోఅంతస్తు (హైదరాబాదు)

అందరికీ నమస్కారం. మేము ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో అద్దెకు దిగి మూడు నెలలు కావస్తోంది. దిగిన రెండో వారం నుంచి భోజనాల బల్ల ఉన్న చోట ఒక చెడ్డ వాసన మొదలైంది. ఉదయం ఆరు, ఆరున్నర మధ్య వచ్చి గంటసేపు ఉంటుంది. మళ్ళీ సాయంత్రం ఏడు దాటాక వచ్చి, మేము భోజనాలు ముగించే వేళకు దానంతట అదే పోతుంది. మధ్యాహ్నం పూట ముక్కు నేలకు ఆనించి వెతికినా ఆనవాలు దొరకదు. రెండు స్నానాల గదుల్లోనూ ఏ వాసనా లేకపోవడం మరీ విచిత్రంగా ఉంది.

ఎలుక చచ్చి ఉంటుందని మా అత్తగారి గట్టి నమ్మకం. ఆమె మాట కాదనలేక సోఫా, ఫ్రిజ్, మంచాలు, అటక మీది పెట్టెలు, ఇలా కదపడానికి వీలున్న ప్రతి సామానునూ కదిపి చూశాము. పురుగుల మందు కొట్టేవారిని పిలిచి డబ్బులు కూడా వదిలించుకున్నాము. అది కొత్త రంగుల వాసన అనీ, నెలలో పోతుందనీ ఇంటి యజమాని అన్నారు. మా వారికైతే అసలు వాసనే తెలియదట. నాది భ్రమ అంటున్నారు. ఇంటికి చుట్టాలు వస్తే మంచినీళ్ళు ఇచ్చేముందు వాళ్ళ ముఖాలు చూస్తున్నాను. ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

అమ్మా, వాసన వచ్చే వేళలు చక్కగా రాశారు గానీ అది ఏ వాసనో రాయలేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒట్టి ‘కంపు’ అని ఊరుకునేవారు కాదు. బియ్యానిది ముక్కిన వాసన, పొంగి మాడిన పాలది కమురు, చేపలు కడిగిన చోటిది నీచు, కడగని నోటిది పాచి, ఆరని తడిగుడ్డది ముతక, కాలవది మురుగు, చచ్చినదానిది కుళ్ళు. ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. వీటిలో మీ వాసనకు ఏ మాట సరిపోతుందో తేల్చుకుంటే వెతకవలసిన చోట్లు సగానికి సగం తగ్గిపోతాయి.

మీ వారి మాటను భ్రమ కింద కొట్టిపారేయకండి, అలాగని నమ్మనూ వద్దు. ఒకే వాసనలో కొంతసేపు ఉంటే ముక్కు దానికి అలవాటుపడి, అది ఉన్నట్టు చెప్పడం మానేస్తుంది. ఆయనను ఒక పావుగంట మేడ మీద నిలబెట్టి, వాసన వచ్చే వేళకు నేరుగా భోజనాల బల్ల దగ్గరికి తీసుకురండి. లోపలికి రాగానే పీల్చే మొదటి రెండు మూడు శ్వాసలే సాక్ష్యం. ఆ తరువాతవి పనికిరావు. ఇంకొక పని కూడా చేయండి. ఒక చిన్న పుస్తకం పెట్టి, వాసన వచ్చినప్పుడల్లా గంట ఎంతయిందో, ఏ కిటికీలు మూసి ఉన్నాయో, ఇంట్లో ఏ యంత్రం తిరుగుతోందో ఒక వారం పాటు రాయండి.

పెరటిచెట్టు (తెనాలి)

మీ అత్తగారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు గానీ, చచ్చిన ఎలుక గడియారం చూసుకుని కంపు కొట్టదు. అది రెండో రోజో మూడో రోజో మొదలై, రోజురోజుకూ ముదిరి, రెండు మూడు వారాల్లో ఎండిపోయి తగ్గుతుంది. పైగా ఈగలు మనకంటే ముందే ఆ చోటు కనిపెడతాయి. మూడు నెలలుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చే వాసనకు ఎలుకను బాధ్యురాలిని చేయడం అన్యాయం.

బతికి ఉన్న చుంచు అయితే వేరే మాట. దాని ఒంటి నుంచి ఘాటైన కస్తూరి వంటి వాసన వస్తుంది. పిల్లులు కూడా దాన్ని పట్టుకుని, తినకుండా వదిలేస్తాయి. అది రాత్రిపూట గోడ వారగా కిచకిచమంటూ తిరుగుతుంది కనుక ఆ సంగతి మీకు ఈపాటికే తెలిసి ఉండేది. మూడో అంతస్తుకు ఎక్కి వస్తుందని నేను అనుకోను.

మా ఇంట్లో ఒకసారి పది రోజులు ఇలాగే నరకం చూశాము. శవం ఏదో కుళ్ళుతున్నట్టు ఉండేది. బావి తోడించాము, అటక దులిపించాము, పక్కింటి వాళ్ళతో మాట పట్టింపు కూడా వచ్చింది. చివరికి చూస్తే వంటింటి మూల గోనె కప్పిన బుట్టలో అడుగున ఒకే ఒక బంగాళాదుంప నల్లని నీరుగా కరిగిపోయి ఉంది. పైన ఉన్నవన్నీ నిగనిగలాడుతూ ఉండడంతో ఎవరూ బుట్ట అడుగు దాకా వెళ్ళలేదు. ఆ నీటి వాసన తెలిసినవారు చచ్చిన ఎలుకను క్షమిస్తారు. మీ ఇంట్లో దుంపల బుట్ట ఒకసారి బోర్లించండి.

కరెంటుపని (వరంగల్లు)

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకోండి, ఎందుకంటే మిగతావి వారం ఆగినా పరవాలేదు, ఇది ఆగదు. మీది నీచు వాసన అయితే, అంటే ఇంట్లో చేపలు లేకుండానే చేపల వాసన వస్తుంటే, స్విచ్చుబోర్డులు చూడాలి. ప్లగ్గు వదులుగా ఉండి వేడెక్కినప్పుడు, స్విచ్చులకూ సాకెట్లకూ వాడే కొన్ని రకాల ప్లాస్టిక్కుల నుంచి నీచు వాసన లేస్తుంది. పొద్దున వస్తోందంటే నాకు మొదట గీజరు మీదే అనుమానం. మెయిన్ ఆపించి, గీజరు, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మెషీను వాడే పెద్ద సాకెట్లలో రంగు మారిందా, కన్నాల చుట్టూ నల్లబడిందా అని పనివాడితో చూపించండి. సాకెట్టు ముఖం మీద చిన్న గోధుమరంగు మచ్చ ఉన్నా దాన్ని మార్చేయవలసిందే.

ఎడిసన్‌కోడలు (న్యూజెర్సీ)

గ్యాసు మాట ఎవరూ ఎత్తలేదు. వంట గ్యాసుకు సహజంగా వాసన ఉండదు. లీకు తెలియాలని గంధకం ఉన్న ఇథైల్ మెర్కాప్టాన్‌ను రవ్వంత కలుపుతారు. 1937లో టెక్సస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్ళో వాసన లేని గ్యాసు బడి కింద చేరి పేలి, దాదాపు 300 మంది చనిపోయిన తరువాతే ఇక్కడ వాసన కలపడం తప్పనిసరి అయింది. మా ఇంటికి పైపులో వచ్చే గ్యాసు గాలి కంటే తేలిక కనుక పైకి పోతుంది. మీ సిలిండరు గ్యాసు గాలి కంటే బరువు కనుక నేల మీదే పరుచుకుంటుంది. వంగినప్పుడు వాసన ఎక్కువగా ఉంటే స్విచ్చులు ఏవీ ముట్టకుండా, రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి బయటికి వచ్చి, 1906 నంబరుకు చేయండి.

మా ఇంట్లో దొరికిన దొంగ మాత్రం ఇంత ప్రమాదకరమైనది కాదు. ఏడాదికి ఒకసారి కూడా నీరు పోయని నేలమాళిగలోని తూములో నీరు ఎండిపోయి, అందులో నుంచి మురుగు గాలి వచ్చేది. ఒక బాల్చీ నీళ్ళు పోసి, అవి త్వరగా ఆవిరి కాకుండా పైన రెండు చెంచాల వంటనూనె వేశాను. అంతటితో పోయింది.

మూడోఅంతస్తు (హైదరాబాదు)

అందరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ వరుసగా చేశాను. సాకెట్లు అన్నీ తెల్లగానే ఉన్నాయి. సిలిండరు బాల్కనీలో ఉంది. రెగ్యులేటరుకూ గొట్టానికీ సబ్బు నురగ పూసి చూస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. దుంపల బుట్ట బోర్లించాను, అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. మా వారిని మేడ మీద నిలబెట్టి తీసుకువచ్చాను. గుమ్మం దాటగానే ముఖం చిట్లించారు. ఇద్దరం కలిసి తేల్చిన మాట ఏమిటంటే, అది మురుగు వాసనే, దానిలో కుళ్ళిన కోడిగుడ్డు ఛాయ ఉంది. కానీ మురుగు పైపులు ఉన్న స్నానాల గదులు వదిలేసి భోజనాల బల్ల దగ్గర ఎందుకు రావాలి?

సంసారపక్షం (నెల్లూరు)

మురుగు వాసన అయితే ఇంత చర్చ అనవసరం. నేను ప్రతి ఆదివారం తూములన్నిటిలో ముందు యాసిడ్ పోసి, పావుగంట ఆగి, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు పోస్తాను. మా ఇంట్లో పదేళ్ళుగా ఏ వాసనా లేదు.

రసాయనశాల (విశాఖపట్నం)

అయ్యా, ఆ అలవాటు ఈ రోజే మానేయండి. యాసిడ్‌కు బ్లీచింగ్ పౌడరు తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసి ఉన్న చిన్న స్నానాల గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. ఇన్నాళ్ళూ మీకు ఏమీ కాకపోవడానికి మధ్యలో నీళ్ళు బాగా పోసి ఉండడమే కారణం కావచ్చు. పైగా యాసిడ్ పలకల మధ్య సిమెంటును తినేస్తుంది. అక్కడ పడిన సందుల్లో కొత్త మురుగు చేరుతుంది.

కోడిగుడ్డు ఛాయ అన్నారు కనుక అది హైడ్రోజన్ సల్ఫైడే. గాలి అందని మురుగులో సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక పాలు కంటే తక్కువ ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది కాబట్టి, మీరు వాసన చూస్తున్నది బహు స్వల్పమైన మోతాదు. అదే 100 పాళ్ళకు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. మ్యాన్‌హోళ్ళలో దిగినవారు ప్రమాదం తెలియకుండానే పడిపోవడానికి అది కూడా ఒక కారణం. మీకు అంత భయం అక్కరలేదు గానీ, ఆ గాలి వచ్చే దారి మాత్రం మూసివేయాలి.

ఒక చిన్న తనిఖీ: వేడినీళ్ళలో మాత్రమే ఆ వాసన ఉందా? బోరు నీళ్ళ ఇళ్ళలో గీజరు లోపలి మెగ్నీషియం కడ్డీ వల్ల, నీటిలోని సూక్ష్మజీవుల వల్ల అలా జరుగుతుంది. చన్నీళ్ళ కొళాయి, వేడినీళ్ళ కొళాయి విడివిడిగా గ్లాసులో పట్టి చూస్తే తేలిపోతుంది.

విశ్రాంతఇంజనీరు (విజయవాడ)

ఆలస్యంగా వస్తున్నందుకు మన్నించండి. నా ఉద్యోగమంతా మురుగు పైపులతోనే గడిచింది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఇంట్లోని ప్రతి తూముకూ, మురుగు పైపుకూ మధ్య ఉన్న తలుపు నీరు తప్ప మరొకటి కాదు. స్నానాల గది నేలలో ఉండే నహానీ ట్రాపు, సింకు కింద ఉండే వంపు, కమోడు లోపలి వంపు, ఇవన్నీ సుమారు 50 మిల్లీమీటర్ల లోతు నీటిని నిలిపి ఉంచుతాయి. పైనుంచి పోసిన నీరు దిగిపోతుంది, కింది గాలి మాత్రం పైకి రాలేదు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాలు చేసే స్కాట్లండు మనిషి ఈ వంపును మరుగుదొడ్డికి అమర్చి పేటెంటు తీసుకున్నాడు. 200 ఏళ్ళు దాటినా దీన్ని మించిన ఉపాయం రాలేదు, ఎందుకంటే ఇందులో అరిగిపోయే భాగమే లేదు.

అయితే మన పనివాళ్ళు దీన్ని చెడగొట్టే తీరు చూస్తే ఆ గడియారాల మనిషి ఏడుస్తాడు. వాష్‌బేసిన్ కింద ముడతల ప్లాస్టిక్ పైపును నిటారుగా దించి నేల కన్నంలో దూర్చేస్తారు. వంపు లేదు కనుక నీరు నిలవదు, పైపు చుట్టూ ఉన్న సందు కూడా మూయరు. ఏసీ నుంచి కారే నీటి గొట్టాన్ని తీసుకువెళ్ళి నేరుగా మురుగు పైపుకు కలుపుతారు. అప్పుడు పడకగదిలో ఏసీ వేయగానే మురుగు వాసన వస్తుంది, ఇంటివాళ్ళు ఏసీ శుభ్రం చేయించుకుంటూ ఏళ్ళు గడుపుతారు. మురుగు పైపులోని గాలి బయటికి పోవడానికి మేడ మీదికి తీసిన గొట్టం మూతిని పావురాలు గూడు కట్టి మూసేసినా, కమోడులో నీరు వదిలినప్పుడల్లా ట్రాపుల్లో నీరు లాగబడి గుడగుడ శబ్దం వస్తుంది.

మీ విషయంలో నాకు ఆసక్తి కలిగించినది వేళ. మురుగు పైపులో గాలి ఎప్పుడూ ఉంటుంది. అది రెండు పూటలే ఇంట్లోకి వస్తోందంటే ఆ రెండు పూటలూ దాన్ని ఏదో లోపలికి లాగుతోంది. మీ పుస్తకంలో ఏమి రాసుకున్నారో చెప్పండి.

మూడోఅంతస్తు (హైదరాబాదు)

చన్నీళ్ళలోనూ వేడినీళ్ళలోనూ వాసన లేదు. ఏడు రోజుల పుస్తకం ఇదిగో. సోమవారం నుంచి బుధవారం దాకా రెండు పూటలూ వాసన ఉంది; చలికి పొద్దున, దోమలకు సాయంత్రం అన్ని కిటికీలూ మూసే ఉన్నాయి. గురువారం పొద్దున ఉంది, సాయంత్రం లేదు. ఆ సాయంత్రం రెండు గంటలు కరెంటు పోయింది. మా అపార్టుమెంటు జనరేటరు దీపాలకూ ఫ్యాన్లకూ మాత్రమే ఇస్తుంది. శుక్ర, శనివారాలు మామూలే. ఆదివారం పొద్దున వంట చేయలేదు, టిఫిన్ బయటి నుంచి తెప్పించాము, వాసన లేదు.

ఇది రాస్తుండగానే ఒక సంగతి తట్టింది. వంటింట్లో పొగ లాగే చిమ్నీ మేము దిగిన రెండో వారంలో కొని బిగించుకున్నాము. వాసన మొదలైనదీ అదే వారం. కానీ చిమ్నీ దగ్గర వాసన లేదు, దాని గొట్టం బయటికే ఉంది.

విశ్రాంతఇంజనీరు (విజయవాడ)

అయితే సగం దొరికినట్టే. చిమ్నీ వాసనను తేవడం లేదు. గాలిని బయటికి తోసేస్తోంది. మీ ఇల్లు 1,200 చదరపు అడుగులు, పది అడుగుల ఎత్తు అనుకుంటే లోపలి గాలి సుమారు 340 ఘనపు మీటర్లు. ఇప్పటి చిమ్నీలు గంటకు 1,000 నుంచి 1,200 ఘనపు మీటర్లు లాగుతాయని పెట్టె మీద రాస్తారు. గొట్టం వంపుల వల్ల అందులో సగమే లాగుతుందనుకున్నా ముప్పావు గంటలోపు మీ ఇంటి గాలంతా బయటికి పోతుంది. పోయిన గాలి స్థానంలో మరొకటి రావాలి. కిటికీలు తెరిచి ఉంటే అక్కడి నుంచి వస్తుంది. మూసి ఉంటే ఏ సందు దొరికితే ఆ సందులో నుంచి వస్తుంది.

నీరు నిండుగా ఉన్న ట్రాపును దాటి గాలిని లాగేంత బలం వంటింటి చిమ్నీకి ఉండదు. కనుక మీ భోజనాల బల్ల దగ్గర నీటి తలుపు లేని పైపు మూతి ఒకటి ఉండి తీరాలి. గ్యాసు లీకు లేదని ఇదివరకే తేల్చుకున్నారు కాబట్టి అగరుబత్తి పరీక్ష చేయవచ్చు. కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి, చిమ్నీని పెద్ద వేగంలో పెట్టి, అయిదు నిమిషాలు ఆగండి. తరువాత అగరుబత్తి పట్టుకుని నేలకు జానెడు ఎత్తులో గోడ వారగా మెల్లగా నడవండి. పొగ ఎక్కడ గోడ వైపు నుంచి మీ వైపు తోసినట్టు వంగుతుందో అక్కడ ఆగండి. గోడకు బిగించిన అల్మరాలు ఏవైనా ఉంటే వాటి కింది పలకల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. ‘కదపడానికి వీలున్న ప్రతి సామానూ’ అని మీ మొదటి ఉత్తరంలో రాశారు. కదపడానికి వీలులేనిది ఏమిటో నాకు తెలియాలి.

మూడోఅంతస్తు (హైదరాబాదు)

దొరికింది!

భోజనాల బల్ల వెనుక గోడకు గాజు పాత్రల అల్మరా ఒకటి బిగించి ఉంది. ఇంటితోపాటే వచ్చింది కనుక దాన్ని మేము గోడలో భాగంగానే చూస్తూ వచ్చాము. చిమ్నీ వేసి అగరుబత్తి పట్టుకుని నడిస్తే, గుమ్మం దగ్గర ఇంటి లోపలికి వంగిన పొగ, ఆ తరువాత గోడ పొడుగునా నిటారుగానే లేచింది. అల్మరా కింది పలక దగ్గరికి రాగానే ఎవరో ఊదినట్టు నా ముఖం మీదికి వచ్చింది. అత్తగారు కూడా వంగి చూసి, ‘ఇదేనే’ అన్నారు.

వెంటనే పలక ఊడదీయకుండా ఎదురింటికి వెళ్ళాను, ఎందుకంటే ఆ ఇల్లు అద్దంలో మా ఇంటిలాగే ఉంటుంది. సరిగ్గా అదే చోట వాళ్ళకు చేతులు కడుక్కునే బేసిన్ ఉంది. మా ఇంట్లో దాన్ని ఎప్పుడో తీసేసి దాని స్థానంలో అల్మరా పెట్టారన్నమాట. వడ్రంగిని పిలిచి పలక తీయిస్తే, నేలకు బెత్తెడు ఎత్తులో గోడలో నుంచి ఒకటిన్నర అంగుళాల పైపు మూతి కనిపించింది. అందులో వార్తాపత్రిక ఉండచుట్టి కుక్కారు. అది తడిసి, ఎండి, సగం లోపలికి జారిపోయి ఉంది.

పెరటిచెట్టు (తెనాలి)

ఎంత హాయిగా ఉందో చదవడానికి! ఒక సందేహం. ఇన్నేళ్ళుగా ఆ పైపు తెరిచే ఉంటే పాత అద్దెవాళ్ళకు ఎందుకు తెలియలేదు? యజమాని అబద్ధం చెప్పారా?

విశ్రాంతఇంజనీరు (విజయవాడ)

వాళ్ళకు చిమ్నీ లేకపోయి ఉంటుంది, లేదా కిటికీ తెరిచి వండుకుని ఉంటారు. లాగేది లేకపోతే ఆ పైపులోని గాలి మేడ మీది గొట్టం గుండానే పోతుంది కనుక, యజమానికి నిజంగానే తెలియకపోయి ఉండవచ్చు.

మూడోఅంతస్తు గారూ, మళ్ళీ గుడ్డలు, కాగితాలు కుక్కనివ్వకండి. సిమెంటుతో పూడ్చడం కూడా నాకు ఇష్టం లేదు, రేపు ఎవరైనా బేసిన్ పెట్టుకోవాలంటే గోడ పగలగొట్టవలసి వస్తుంది. పైపు మూతిని శుభ్రంగా కోయించి, పీవీసీ మూతను జిగురుతో బిగించమనండి. మూత వేసేముందు ఒక చెంబెడు నీళ్ళు పోసి, అవి ఎక్కడా నిలవకుండా పోతున్నాయో లేదో వినండి. ఆ పైపుకు పై అంతస్తు నీరు ఏదైనా కలుస్తూ, దారిలో అడ్డు ఉంటే, మూత వెనుక నీరు నిలిచి గోడ తడుస్తుంది.

మూడోఅంతస్తు (హైదరాబాదు)

నీళ్ళు పోశాము, గలగలమంటూ దిగిపోయాయి. మూత బిగించి ఈ రోజుకు నాలుగో రోజు. చిమ్నీ వేసి, కిటికీలన్నీ మూసి, మళ్ళీ అగరుబత్తి పట్టుకున్నాను. అల్మరా దగ్గర పొగ నిటారుగా నిలిచింది. మా వారిని మరోసారి మేడ మీద నిలబెట్టి తీసుకువస్తే, ‘సాంబారు వాసన తప్ప ఏమీ లేదు’ అన్నారు.

ఒక కొత్త సంగతి మాత్రం గమనించాను. చిమ్నీ తిరుగుతుండగా వీధి తలుపు లోపలికి తీస్తే, ముందుకంటే గట్టిగా, ఎవరో అవతలి నుంచి నెట్టినట్టు తెరుచుకుంటోంది. అందుకని దోమల జాలీ ఉన్న వంటింటి కిటికీని నాలుగు వేళ్ళ మేర తెరిచి ఉంచి వండుతున్నాను. అత్తగారు సోఫా కింద పెట్టించిన ఎలుకబోను ఇంకా అక్కడే ఉంది. తీయడానికి ఆమె ఒప్పుకోవడం లేదు.